గోల్ఫ్ క్లబ్బూ, మేపుల్ ఈగా

ఊరి చెట్ల అధికారి ఓరిన్ థిబో గారికి, నిద్ర లేవండి!

మా వాకిట్లో ఎర్ర మేపుల్ చెట్టు ఆకులనిండా పసుపు మచ్చలు, చుట్టూ ఎర్రటి అంచు. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. పక్కనున్న గోల్ఫ్ క్లబ్బు కొట్టే పురుగుమందు గాలికి మా మీద పడుతోందని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఇదిగో సాక్ష్యం! ఆపించండి. మా వీధి పిల్లలు పీల్చేదీ ఆ గాలే.

ఊరుకోని
థెల్మా బ్లాంచార్డ్

తా.క. మచ్చలు ముచ్చటగా ఉన్నాయన్నాడు మా ఆయన క్లైడ్. ఈ వారం వంట ఆయనదే.

---

థెల్మా గారూ, కోపగించుకోకండి.

అది విషం కాదు, ఈగ. దోమకన్నా చిన్నది. వసంతంలో లేతాకు మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు అడుగున కూర్చుంటే ఆకు దాని చుట్టూ కన్నులా ఉబ్బుతుంది, మీ మచ్చలు అవే. చెట్టుకేం కాదు. ఊళ్లో మిగతా ఎర్ర మేపుళ్లకి ఏటా వచ్చేదే.

మీ ఓరిన్

తా.క. క్లైడ్ వంట ఎలా ఉంది?

---

ఈగల వకీలు గారికి,

పెద్దలు విషం చల్లితే నేరం ఈగదా! లోకమంతా ఇదే న్యాయం: పైవాడి పాపానికి కిందివాడు జవాబుదారీ. "ఈ చెట్టు చస్తోంది, చంపింది క్లబ్బు" అని బోర్డు రాసి చెట్టుకు కట్టాను. దాని కింద సగం ఊరు సంతకాలు పెట్టింది.

వెనక్కి తగ్గని
థెల్మా

తా.క. వంట సంగతి అడక్కండి.

---

అమ్మా థెల్మా,

కొంప ముంచారు. "చస్తున్న చెట్టు దారినపోయేవాళ్ల మీద పడుతుంది, కొట్టించండి" అని క్లబ్బువాళ్లు అర్జీ పెట్టారు. సాక్ష్యం మీ బోర్డు ఫోటోయే! శుక్రవారం టౌన్ హాల్లో విచారణ.

దిగులుతో
ఓరిన్

తా.క. విచారణ నోటీసు ఆ చెట్టుకే కట్టాలి. మీ బోర్డు కాస్త జరుపుతారా?

---

ఓరిన్ గారూ, గొడ్డలి దించండి!

చెట్టు దుక్కలా ఉంది. అది ఈగే. కాదని ఎవరన్నారు? శుక్రవారం దాని తరఫున నేనే వాదిస్తాను. అలాగని మందు సంగతి వదులుతాననుకోకండి!

ఈగ పక్షాన
థెల్మా

తా.క. దానికి పేరేమైనా ఉందా? బోర్డు మార్చాలి.

---

థెల్మా గారూ, కూర్చుని చదవండి.

నిన్న క్లబ్బు మేనేజరు వచ్చాడు. "ఆవిడవన్నీ అబద్ధాలు! మా మందు యంత్రం మార్చిలోనే చెడింది. ఈ ఏడు చుక్క కొడితే ఒట్టు" అని గుండెలు చరుచుకున్నాడు. అదే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాను.

అతను వెళ్లాక వెలిగింది. ఊరంతా ఏటా వచ్చే ఈగ మీ చెట్టుకే పదేళ్లూ ఎందుకు రాలేదు? మందు ఆగిన ఏడే ఎందుకొచ్చింది? ఇన్నాళ్లూ మీ వాకిట్లో దాన్ని చంపిందెవరు? మీరు పదేళ్లుగా మొత్తుకున్నదే నిజం. ఆ మచ్చలొచ్చాయంటే మీ గాలి బాగుపడిందన్నమాట! శుక్రవారం ఆకులు పట్టుకురండి. ఆ యంత్రం మళ్లీ తిరక్కుండా ఇద్దరం చూద్దాం.

మీ పక్క కుర్చీలో కూర్చోబోయే
ఓరిన్

తా.క. మచ్చలు ముచ్చటగా ఉన్నాయని మొదట అన్నది క్లైడే. ఇక వంట మాఫీ చేయండి.