ఒక్క రాత్రి వానప్రస్థం

పూజ్యులైన బావగారికి నమస్కరించి వ్రాయునది.

శాస్త్రం విధించిన వానప్రస్థం మొన్న మాకు సిద్ధించింది, ఒక్క రాత్రికి మాత్రమే. గుడారం వీపున మోసుకుని నేనూ మీ చెల్లెలూ అడవిలోని బసకు నడిచి వెళ్ళాము. దారిలో ముందుగా అలసి కూర్చున్నవారు ఓడినట్టు పందెం. నేను ఓడితే నా పుస్తకాల గది ఆమె కుట్టుమిషనుకు ఇచ్చేయాలి.

మొదటి మిట్ట ఎక్కేసరికే నాకు ఆయాసం వచ్చింది. ఒప్పుకోవడమెలా? ఎదుటి చెట్టును చూపి వనవర్ణన పద్యమొకటి అందుకుని, తాత్పర్యం చెప్పే నెపంతో బండమీద కూర్చున్నాను. ఆ తరువాత ప్రతి మలుపులోనూ ఒక పద్యం.

“పద్యం అయిందా, ఆయాసం తీరిందా?” అని ఆమె నిలబడే అడిగేది.

“పద్యానికి ఆయాసమేమిటే?” అనేవాణ్ణి.

బస కనబడకముందే నాకు వచ్చిన పద్యాలన్నీ అయిపోయాయి. కూర్చోవడానికి నెపం దొరకక ఒక చెట్టును పట్టుకుని నిలబడ్డాను. మీ చెల్లెలు నా ముఖం చూసి, తానే ముందుగా చతికిలబడి, “అమ్మయ్య, ఇక నావల్ల కాదు. ఆ మొదటి పద్యం మళ్ళీ చెప్పండి, సరిగా అర్థం కాలేదు” అంది.

కనుక పందెం న్యాయంగా నేనే గెలిచాను. ఆదివారం మీరు వచ్చి, నా పుస్తకాల బీరువాలు ఆ గదిలోంచి బయటికి జరపడానికి ఒక చేయి వేయవలసిందిగా ప్రార్థన.

ఆ దారిన మా తరువాత నడిచేవారికి గుండెలో ఊపిరీ, పక్కన మళ్ళీ అడిగే మనిషీ ఎన్నడూ కరవు కాకుండుగాక.