మూడో వరసలో కట్టుకున్న చేతులు

పాత కార్యక్రమాల విభాగం అధికారి గారికి,

నమస్కారం. ఇక్కడ అంతా క్షేమమని రాయడం పద్ధతి. కానీ ఆదివారం సాయంత్రం నుంచి నేను క్షేమంగా లేను. కారణం మీరే.

ముప్పై ఐదేళ్ల కిందటి 'ఈ వారం తొలి పది' పాటల కార్యక్రమాన్ని మీ ఛానెల్ బూజు దులిపి మళ్లీ వేస్తోంది. వేసుకోండి. ఆ పొగ యంత్రం, ఆ పొగకు దగ్గు ఆపుకుంటూ ఉత్తినే పెదవులు కదిపిన గాయకులు, ప్రతి పాటకూ ముందు జేబులోంచి దువ్వెన తీసే వ్యాఖ్యాత, ఇవన్నీ మట్టిలో ఉండాల్సినవి. మీరు తవ్వి తీశారు. సరే, మీ గునపం, మీ ఇష్టం.

నా అభ్యంతరం ఒక్కటే. మూడో వరసలో నడవ పక్క కుర్చీలో కూర్చున్న నల్లకోటు మనిషిని నేను. ఆ కార్యక్రమం నడిచినన్నాళ్లూ ప్రతి వారం వచ్చాను. ఒక్క పాటకు కూడా చప్పట్లు కొట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో నేను నలుగురి ముందు చేసిన పోరాటం అదొక్కటే.

మీరేం చేశారు? అప్పటి బొమ్మ చదరంగా ఉండేది. ఇప్పటి వెడల్పు టీవీలకు సరిపోవాలని పైనా కిందా కత్తిరించారు. ఆ కత్తిరింపులో నా చేతులు పోయాయి. తల మిగిలింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతుంటే మధ్యలో నా తల అటూ ఇటూ ఊగుతోంది. అది రోతతో ఊపిన తల. చేతులు లేకుండా చూస్తే మైమరచి ఊపినట్టుంది!

నా చేతులు నాకు తిరిగి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఉద్యోగం నుంచి విరమించినా తప్పులు దిద్దడం మానని ఒక ప్రూఫ్‌రీడరు

తా.క.: ఆ వ్యాఖ్యాత మాటల్లోని తప్పులు దిద్ది, వేరే కాగితం జతచేశాను. అతను బతికి ఉంటే అందజేయండి.


వీరాభిమాని గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరాన్ని మా విభాగంలో పైకి చదువుకుని అందరం హాయిగా నవ్వుకున్నాం. "నా చేతులు నాకు ఇప్పించండి" అన్న చమత్కారం మా పైఅధికారికి కూడా నచ్చింది. ప్రతి వారం స్టూడియోకి వచ్చిన అభిమాని ఇన్నేళ్లకు దొరకడం మా అదృష్టం.

మీ అభిమానానికి గుర్తుగా, ఏడు వారాలు వరసగా మొదటి స్థానంలో నిలిచిన 'లిఫ్టులో వెన్నెల' గాయకుడి నిలువెత్తు ఫోటో, ఆయన సంతకంతో సహా పంపుతున్నాం. మీ పడకగదిలో తలుపు వెనక అతికించుకోవడానికి వీలుగా ఉంటుంది.

వచ్చే నెల పాత గాయకులందరితో అదే స్టూడియోలో పునస్సమావేశం జరపబోతున్నాం. తప్పక చూడండి.

మీ ఆనందమే మా పనిగా,
పాత కార్యక్రమాల విభాగం సహాయకురాలు

తా.క.: ఫోటో మడతపెడితే గాయకుడి ముక్కు దగ్గర గీత పడుతుంది. జాగ్రత్త.


అమ్మా సహాయకురాలా,

ఫోటో అందింది. ముక్కు మీదే మడతపెట్టాను.

ఆ గాయకుడు నా భార్యకు స్వయానా తమ్ముడు. నాకు బావమరిది. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోజనం చేస్తాడు. మనిషే వదలనప్పుడు ఫోటో ఏం చేసుకోను?

అసలు సంగతి విను. నువ్వు నా మనవరాలి వయసుదానివై ఉంటావు కాబట్టి ఏకవచనం వాడుతున్నాను. ఆ రోజుల్లో గాయకుడి కుటుంబానికి ప్రతి వారం రెండు పాసులు ఇచ్చేవాళ్లు. మా ఆవిడ నన్ను తీసుకెళ్లేది. రావడం ఆవిడ కోసం. చప్పట్లు కొట్టకపోవడం నా కోసం. ఆవిడ ఒక్కసారి కూడా "కొట్టండి" అని అడగలేదు. "మీరు మీలాగే కూర్చోండి" అనేది. భర్త ఆత్మగౌరవాన్ని అంతగా అర్థం చేసుకున్న ఇల్లాలిని నేను పుస్తకాల్లో కూడా చదవలేదు.

మీ వేదిక పక్కన గోడ గడియారమంత, చప్పట్ల మోత కొలిచే ముల్లు ఉండేది. అది ఎంత దూరం వెళితే పాటకు అంత పెద్ద స్థానం. సంగీతాన్ని కూరగాయల్లా తూచిన ఘనత మీ ఛానెల్‌దే. ఇక ఆ జనం రుచి గురించి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. బొంగురు గొంతు అమ్మాయి ఒకతె 'ఆఖరి బస్సు' అని పాడింది. అన్ని వారాల్లోనూ పాట అనదగ్గది అదొక్కటే. చేతులు విప్పి ఒళ్లో పెట్టుకుని విన్నాను. ఆ వినడమే నా మర్యాద. చప్పట్లు చటుక్కున ఆగిపోయాయి. పదో స్థానం. పై వారానికి పాటా లేదు, అమ్మాయీ లేదు. అదే మా బావమరిది, లిఫ్టులోకి వెన్నెల ఎలా వచ్చిందో ఏడు వారాలైనా చెప్పలేని ఆ పాట పాడితే? మిగతా పాటలప్పుడు కళ్లద్దాలు తుడుచుకోవడానికైనా చేతులు విప్పేవాణ్ణి. దీనికి అదీ లేదు. బిగించిన చేతులు బిగించినట్టే ఉండేవి. జనం మాత్రం అరచేతులు వాచేదాకా కొట్టేవాళ్లు!

అక్కడ నన్ను గుర్తించిన మనిషి ఒక్కడే. చెవులకు గొట్టాలు తగిలించుకుని జనాన్ని ఆడించే ఫ్లోర్ మేనేజరు. ప్రతి వారం నన్ను చూసి గౌరవంగా తల వంచేవాడు.

ఇప్పుడు కష్టం ఏమిటంటే, మా బావమరిది ముప్పై ఐదేళ్లుగా "బావ కూడా చప్పట్లు కొట్టాడు" అంటున్నాడు. నేను కాదంటున్నాను. మొన్న ఆదివారం ఇంటిల్లిపాది ముందు మీ బొమ్మను ఆపి, గరిటెతో నా తల చూపించి, "చూడండర్రా, బావ ఎలా ఊగిపోతున్నాడో!" అన్నాడు. మీ పునస్సమావేశంలో వేదిక మీద ఈ కథే చెబుతాడట. ఆలోపు నా చేతులు టీవీలో కనపడాలి. లేకపోతే నేను పోయాక కూడా వాడు అదే చెబుతాడు.

ఇట్లు,
చప్పట్లు కొట్టనివాడు

తా.క.: నీ ఉత్తరంలో 'పునస్సమావేశం' సరిగ్గా రాశావు. ఈ కాలంలో అదే గొప్ప.


గౌరవనీయులైన పెద్దాయన గారికి,

నమస్కారం. మీ ఆవేదన అర్థమై, ఉత్తరాన్ని వెంటనే మా న్యాయ విభాగానికి పంపాను. "అనుమతి లేకుండా తన తల చూపించారని ఒక పెద్దమనిషి కుటుంబంలో గొడవలు" అని వాళ్లు సారాంశం రాసుకున్నారు. మీకు ఇక ఏ ఇబ్బందీ లేకుండా తగిన చర్య తీసుకున్నారు. ఈ ఆదివారం నిశ్చింతగా చూడండి.

మీ మనశ్శాంతిని కోరుతూ,
సహాయకురాలు

తా.క.: ఈ సేవ ఉచితం.


అమ్మాయ్,

చూశాను. నా మొహం మసక చేశారు! దొంగల్ని పట్టుకున్నప్పుడు చూపిస్తారే, అలా. చుట్టూ ఆనందంగా చప్పట్లు కొట్టే జనం, మధ్యలో కోటు వేసుకున్న మసక ముద్ద. చేతులు అడిగితే తల కూడా పట్టుకుపోయారు. ఇంకో ఉత్తరం రాస్తే కోటు కూడా లాక్కుంటారేమో.

ఎదురింటి మందుల కొట్టాయన పొద్దున్నే వచ్చి, గొంతు తగ్గించి, "ఏ కేసండీ?" అన్నాడు. నన్ను ఎలా గుర్తుపట్టావయ్యా అంటే, "ఆ కోటు ఇంకా మీరే వేసుకుంటున్నారు కదా" అన్నాడు. బావమరిది ఫోన్ చేసి, "నా పాటకు చప్పట్లు కొట్టినందుకు సిగ్గుపడి మొహం దాచుకున్నావా బావా?" అని పడీ పడీ నవ్వాడు.

నేను నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. మహామహుల వాక్యాలు కొట్టేశాను. ఒక్కరికీ తల వంచలేదు. మీకూ వంచను. మీ అసలు టేపు తీయండి. కత్తిరించని బొమ్మ వేయండి. వేయకపోతే మీ గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడతాను. నాకు అలవాటే.

ఇట్లు,
మొహమూ చేతులూ రెండూ పోగొట్టుకున్నవాడు

తా.క.: మా ఆవిడ, "కాళ్లు ఆడించేవారు, అవి కూడా అడగండి" అంటోంది. అవి చలికి ఆడాయి. మీ స్టూడియోలో చల్లగాలి యంత్రాలు ఎక్కువ.


పెద్దాయన గారికి,

నమస్కారం. ఈసారి న్యాయ విభాగానికి చూపించకుండా నేనే రాస్తున్నాను.

అసలు టేపు తీయించాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. మీరు ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు. ఈ ఆదివారం కత్తిరించని బొమ్మే వేస్తున్నాం. మీ చేతులు మీకు దక్కాయి.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మీలాంటివారికి సగం నిజం చెప్పడం తప్పు.

పునస్సమావేశం పని మీద మీ ఫ్లోర్ మేనేజరు గారు వచ్చారు. తెర మీద మిమ్మల్ని చూడగానే, "అయ్యో, మన చేతులాయన!" అని కుర్చీలోంచి లేచారు. మీరూ మీ ఇంటావిడా పాసులతో పక్క తలుపు నుంచి వచ్చేవారట. మిగతా జనం బయట వరసలో నిలబడేవారు. మొదటి వారం ఎవరో, "ఆ నల్లకోటాయన ఎవరండీ, అంత కోపంగా ఉన్నారు?" అని అడిగితే, ఈయన నోటికొచ్చినట్టు, "ఛానెల్ యజమాని. ఆయన చేతులు విప్పేదాకా చప్పట్లు ఆపకండి" అన్నారట. ముల్లు ఎన్నడూ లేనంత దూరం వెళ్లింది. అప్పటి నుంచి ప్రతి వారం వరసలో అందరికీ అదే చెప్పారు.

మీరు కళ్లద్దాలు తుడుచుకుంటే చప్పట్లు ఆగేవి. మీరు ఎంత బిగిస్తే వాళ్లు అంత కొట్టేవారు. 'లిఫ్టులో వెన్నెల'ను ఏడు వారాలు మొదటి స్థానంలో నిలబెట్టింది మీ చేతులేనండి. 'ఆఖరి బస్సు' సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు.

పునస్సమావేశంలో అదే ముల్లు పెడుతున్నాం. ఫ్లోర్ మేనేజరు గారు వరసలో అదే మాట చెబుతారట. మీ కుర్చీ మీకే ఉంచమన్నారు. వస్తారా?

మీ మీద నిజమైన గౌరవంతో,
సహాయకురాలు

తా.క.: 'ఆఖరి బస్సు' పాడినామె దొరికారు. పిల్లలకు ఈత నేర్పుతున్నారు. ఆ రోజు వస్తున్నారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.


అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

తర్వాత మా ఆవిడకు పైకి చదివి వినిపించాను. ఆవిడ తరుగుతున్న ఉల్లిపాయ మీద నుంచి తలెత్తకుండా, "ఇప్పుడా తెలిసింది మీకు?" అంది. రెండో వారమే ఆ ఫ్లోర్ మేనేజరు ఆవిడ చెవిలో వేశాడట, "మీ వారిని ప్రతి వారం తీసుకురండమ్మా" అని. "మీరు మీలాగే కూర్చోండి" అన్న మాటకు అర్థం ఇదన్నమాట. ముప్పై ఐదేళ్లు నేను మెచ్చుకున్న వాక్యం! వెంటనే, "తమ్ముడికి మాత్రం చెప్పలేదు లెండి, వాడు తన పాట బాగుందనే అనుకుంటున్నాడు" అని ఓదార్చింది.

నేను పశ్చాత్తాపపడి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. నా చేతులు కట్టుకోవడం న్యాయం. మీరు దాన్ని వాడుకోవడం అన్యాయం. ఆ లెక్క మారదు. నాకు గుచ్చుకున్నది ఒక్కటే, ఆ బొంగురు గొంతు అమ్మాయి. నేను మర్యాద చేస్తే ఆమెకు పాట పోయింది.

కాబట్టి వస్తున్నాను. అదే కోటు వేసుకుని, మూడో వరసలో, నడవ పక్క కుర్చీలోకి. ఆమె 'ఆఖరి బస్సు' ఎత్తుకోగానే చేతులు కట్టుకుంటాను. ఊపిరాడకపోయినా, కళ్లద్దాలు జారి కిందపడినా, స్టూడియోకి నిప్పంటుకున్నా విప్పను. మీ ముల్లు విరగాలి.

ఇక నా బావమరిది వేదిక ఎక్కి, "నా బావ కూడా చప్పట్లు కొట్టాడు" అని కథ చెబుతాడు కదా. ఆ మాట అబద్ధం కానివ్వను. అతను 'లిఫ్టులో' అనగానే, వెన్నెల దాకా రాకముందే, లేచి నిలబడి చప్పట్లు కొడతాను. అరచేతులు మండేలా కొడతాను. నా చేతులు విడిపోవడం చూసి హాలంతా చప్పున ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో నేనొక్కణ్ణే కొడుతూ ఉంటాను.

ఒక మనిషిని ఇంతగా మెచ్చుకోవడం నాకు ఇదే మొదటిసారి.

ఇట్లు,
చప్పట్లు కొట్టబోయేవాడు

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే మా ఆవిడ తీసుకుని చదివింది. లోపలికి వెళ్లి నా రెండో నల్లకోటు వేసుకుని వచ్చి, నా పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. దయచేసి ఆ రోజు మాకు వేరే వేరే వరసల్లో కుర్చీలు వేయించగలవా?