లేని డిస్కు

మెడెలిన్, గురువారం

ప్రియమైన మార్లెని అక్కకు,

ఒకే గదిలో పడుకుంటూ ఉత్తరమేమిటని నవ్వకు. రెండు రోజులుగా నేను నీతో మాట్లాడటం లేదని గమనించావో లేదో. దీన్ని నీ ఎడమ బూటులో పెడుతున్నాను. ప్రాక్టీసుకు వెళ్ళేముందు ఎలాగూ చూస్తావు.

మంగళవారం సంగతి చెప్పాలి. వాన వెలిసింది. కొండ మీంచి దిగిన పొగమంచు మన ఫ్రిస్బీ మైదానం గీతల దాకా వచ్చింది. పైన మనుషుల్ని కొండెక్కించే కేబుల్ పెట్టెలు తీగల మీద చప్పుడు లేకుండా ఒక్కొక్కటే మబ్బులో కలిసిపోతున్నాయి. గ్లాదిస్ కోచ్ డిస్కులన్నీ సంచిలో వేసి మూతి కట్టేసింది.

"ఇవాళ డిస్కు లేదు. డిస్కు పట్టుకున్నది ఎలాగూ కదలకూడదు, పరుగంతా మిగతావాళ్ళదే. ఖాళీ ఎక్కడుందో చూడండి, అక్కడికి ఉరకండి. అందకపోతే పక్కకి తప్పుకోండి. దారికి అడ్డంగా నిలబడ్డదాన్ని ఇంటికి పంపిస్తా!" అంది.

మేమంతా మధ్యలో ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం. నువ్వు ఒట్టి చేతులతో ఎదురుగా నిలబడ్డావు. ఎవరికి విసరాలనిపిస్తే వాళ్ళ పేరు పిలవాలి. అంతే.

ఆ మంచులో పరుగెత్తుతుంటే కాళ్ళు నేలకు తగులుతున్నాయో లేదో కూడా తెలియలేదు. దూరంగా వెళ్తున్నట్టు రెండడుగులు వేసి, నన్ను కాస్తున్న నూబియాను నమ్మించి, గిరుక్కున తిరిగి నీ వైపు వచ్చాను. నా చుట్టూ ఎవరూ లేరు. చేతులు చాచాను. నువ్వు నన్ను చూశావు. చూసి కూడా "ఎల్సీ!" అన్నావు. పదకొండుసార్లు వచ్చాను అక్కా. పదకొండుసార్లూ వేరే పేర్లే.

నిజం డిస్కు వేయకపోతే సరే, నా చేతుల మీద నమ్మకం లేదనుకుంటాను. లేని డిస్కు కూడా నాకు వేయవా? గాలిని కూడా ఇవ్వలేనంత పిసినారివా? పైగా ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టు నా పళ్ళెంలో మొక్కజొన్న అరేపా రొట్టె వేసి "వెన్న రాయనా?" అన్నావు. దాన్ని ఎలా మింగానో నాకే తెలుసు.

ఎదురు కొండ జట్టువాళ్ళు పిలిచారు. సోమవారం వచ్చి చేరతానని చెప్పేశాను. ఆదివారం మ్యాచే నీతో ఆఖరిది. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

నీ చెల్లెలు,
యురాని

శుక్రవారం

యురానీ, నా పిచ్చితల్లీ,

బూటు తొడిగాక అరికాలికి ఏదో గుచ్చుకుంది. రాయి అనుకున్నాను. చదివాక రాయే నయమనిపించింది.

నీ లెక్క తప్పు. పన్నెండుసార్లు వచ్చావు. పన్నెండుసార్లూ నీ పేరు నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

కిందటేడు నీ భుజం ఎముక విరిగిన మ్యాచ్ గుర్తుందిగా. నేను విసిరిన డిస్కు పైకి లేచి, ఎంతకీ దిగకుండా గాలిలో తేలుతూ ఉండిపోయింది. నువ్వు దాన్నే చూస్తూ పరుగెత్తావు. అవతలి పిల్లా దాన్నే చూస్తూ వచ్చింది. మీరిద్దరూ గుద్దుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది. "ఆటన్నాక తప్పదులే" అన్నారు అందరూ. అంపైరు లేని ఆట మనది. తప్పు చేసినవాళ్ళే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఆరోజు నేను చెయ్యెత్తలేదు. ఎదురుగాలి ఉందని తెలిసి కూడా, చూసేవాళ్ళ చప్పట్ల కోసం ఎత్తుగా విసిరాను. ఆసుపత్రిలో చెబుదామనుకున్నాను. నువ్వేమో కట్టుతో కూర్చుని, బెల్లం నీళ్ళు తాగుతూ, "భలే వేశావక్కా" అన్నావు. ఇంకేం చెప్పను?

అప్పటినుంచి నువ్వు చేతులు చాస్తే నాకు ఆ కట్టే కనిపిస్తోంది. చేతిలో డిస్కు లేకపోయినా కనిపిస్తోంది. నీ పరుగులో వంక లేదు, నీ చేతుల్లోనూ లేదు. ఇదిగో, ఇప్పుడు చెయ్యెత్తుతున్నాను. తప్పు నాది. నువ్వు ఏ కొండకైనా వెళ్ళు, కానీ ఆదివారం ఒక్కసారి ఖాళీలోకి రా.

మార్లెని

ఆదివారం సాయంత్రం

అక్కా,

నువ్వు స్నానం చేస్తున్నావు. మళ్ళీ అదే బూటు, ఇంకా బురద ఆరలేదు.

ఆఖరి పాయింటులో నేను తిరిగేసరికి నువ్వు నా పేరు అరిచావు, మంగళవారం అరవాల్సినంత గట్టిగా. డిస్కు తక్కువ ఎత్తులో, గుండెకు సూటిగా వచ్చింది. అది ఎంత నెమ్మదిగా తిరుగుతున్నట్టు కనిపించిందంటే, దాని మీది మట్టి చుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. నేను లెక్కపెడుతూ ఉండిపోయాను. అది చేతుల్లో పడి, జారి, గడ్డి మీదికి దొర్లింది. మ్యాచ్ పోయింది.

"ఏడాదికోసారి వేస్తే దాని చేతులకేం గుర్తుంటుందే!" అని ఎల్సీ నీ మీద అరిచింది. నువ్వు అదేమీ వినకుండా మైదానమంతా దాటి పరుగెత్తుకొచ్చావు.

"భుజం? భుజం ఎలా ఉందే?"

"భుజానికేం, బాగానే ఉంది. చేతులే తిన్నగా లేవు."

నువ్వు నవ్వావు. ఆ తర్వాత నా మెడ పట్టుకుని ఏడ్చావు. నేనూ ఏడ్చాను. అంతా చూశారు, చూడనీ.

ఎదురు కొండవాళ్ళకు రానని కబురు పెట్టాను. రేపు పొద్దున్నే మనిద్దరమే వెళ్దాం. గ్లాదిస్ కోచ్ దగ్గర డిస్కుల సంచి అడిగి తెచ్చాను, తలుపు వెనక పెట్టాను. నాకు పదకొండుసార్లు విసురు. కాదు, పన్నెండు.

నీ యురాని