పంజాతో లేపిన పనస

మంగళవారం, రాత్రి

గాలివానకు పడిన జీడి, కొబ్బరి చెట్లను తోటలోంచి తీయడానికి ఇనుప పంజా తగిలించిన చిన్న లోడరు టెక్కలి నుంచి ఇవాళ వచ్చింది. చివరికి ఒరిగిన పనసచెట్టు ఒక్కటే మిగిలింది. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది నేను నాటినది. దాని వేళ్లు ఒక పక్క ఇంకా మట్టిలోనే ఉన్నాయి.

"పడిపోయిన సెట్టుకి మళ్లీ పెళ్లి సేత్తావేటి ఒదినా? తీయించెయ్," అన్నాడు మరిది సూర్యం.

"నిలబెట్టిస్తాను," అన్నాను.

డ్రైవరు జంకాడు. "ఇది దుంగలు పట్టుకోడానికి మామ్మా. బెరడు సితికిపోద్ది."

కొమ్మలు కొట్టించి, తడిపిన గోనెసంచులు మొదలుకు చుట్టించాను. పంజా మెల్లగా మూసుకుని చెట్టును లేపింది. అప్పుడే నేలలో ఏదో వేరు ఫట్టుమని తెగింది. యంత్రపు రొదలోనూ నాకు స్పష్టంగా వినిపించింది. మట్టి కప్పించి, వెదుళ్లు ఊతం పెట్టించాను. సూర్యం చప్పట్లు కొట్టాడు. వేరు తెగిన చప్పుడు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

తెగినది ఎండువేరే కావచ్చు. పచ్చిదైతే, బతికే చెట్టును నా పంతమే చంపినట్టు. అలాగే వదిలేసి ఉంటే, ఒరిగిన చోటే చిగురించేదేమో...

పొద్దున సూర్యం కంటే ముందే వెళ్లి, కొమ్మలు కొట్టించగా మిగిలిన నాలుగాకులూ వాడిపోయాయేమో చూడాలి.