మోత మానని బండి

బావమరిదికి,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ కలం సాగడం లేదు. మీ అక్క క్షేమంగా లేదు, బండి అంతకన్నా లేదు, నేను మాత్రం దుక్కలా ఉన్నాను. ఉండాల్సిన ఆరోగ్యం ఎవరికి ఉందో చూడు.

ఫోనులోనే చెప్పొచ్చు. కానీ నువ్వు గ్యారేజీ గోలలో అరుస్తావు, నేనిక్కడ అరుస్తాను, మీ అక్క పక్కగదిలో పడుకుని అన్నీ వింటుంది. అందుకే షాపులో కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

మీ అక్క నడుములో ఎముకని జబ్బు తినేస్తోందని నీకు తెలుసు. ఆ సూదులు నయం చెయ్యడానికి కావని మాత్రం నీకు తెలియదు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. నొప్పి తగ్గించడానికేనట, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దంది. సరేనమ్మా అని వెళ్ళి బండి స్టార్టు చేశాను. ఇంకేం చెయ్యను?

ఆ సూది కోసం వారం వారం ఆసుపత్రికి వెళ్ళాలి. దారంతా గుంతలు. మన పాత కారు సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది? గుంతలో పడితే గంతేస్తుంది, గంతేసి ఇంకో గుంతలో పడుతుంది. పాత ఇనపసామానులవాడు ఊళ్ళోకి వచ్చాడనుకుని జనం తలుపులు తీస్తున్నారు. వెనక సీట్లో పరుపేసి మీ అక్కని పడుకోబెడతాను. మొన్న దిగుతూ "ఇక నేను రాను" అంది. ఆవిడ రానందంటే రాదు. సూది పడకపోతే ఆ నొప్పి పగవాడికి కూడా వద్దురా, నేను చూడలేను.

అందుకని బండి కింద ఏమేం మార్చాలో అన్నీ పంపు. ఉయ్యాల్లో పసిపిల్లని ఊపినట్టు వెళ్ళాలి. దర్జీవాణ్ణి కాబట్టి కొలత కూడా తీశాను. వెనక చక్రానికీ పైన రేకుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరడం లేదు. ముందువైపు జానెడు సందుంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: నొప్పి ఎక్కువైందని తమ్ముడికి చెప్పొద్దని మీ అక్క ఒట్టు పెట్టించుకుంది. కాబట్టి నేను నీకేమీ చెప్పలేదు.

---

బావగారికి,

నమస్కారాలు. మీరు చెప్పని సంగతి చదివాను. చదివి షట్టరు దించేశాను. నేనే రావాల్సింది. కానీ జాకీ జారి బండి నా కాలి మీద పడింది, కాలు ఇంకా కట్టులోనే ఉంది. ఊళ్ళో బండ్లన్నీ బాగుచేసేవాణ్ణి, కుంటుకుంటూ బస్సెక్కే ఓపిక లేదు.

వెనకభాగం అంతలా కుంగిందంటే స్ప్రింగులు చచ్చినట్టే. షాకబ్జర్లు ఎప్పుడో పోయి ఉంటాయి. మీకు అర్థమయ్యేలా చెప్తాను. స్ప్రింగు గుంత తగిలితే ఎగురుతుంది, షాకబ్జరు దాన్ని పట్టుకుని కూర్చోబెడుతుంది. మీ సంసారంలో మీరు స్ప్రింగు, మా అక్క షాకబ్జరు. ఇన్నేళ్ళు పట్టుకుని పట్టుకుని అరిగిపోయింది పాపం.

నాలుగు చక్రాలకీ ఎంత బరువేసినా కుంగని గట్టి రకం స్ప్రింగులు, వాటికి తగ్గ షాకబ్జర్లు పార్సిలు చేశాను. అక్కడ మంచి మెకానిక్‌ని చూసి వేయించండి. వేశాక బండి మూల ఒకసారి నొక్కి వదలండి. కుంగి, లేచి, అక్కడితో ఆగిపోతే పని బాగున్నట్టు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: నొక్కమన్నది చేత్తో. మీరు కాబట్టి విడమరిచి చెప్తున్నాను.

---

ఒరేయ్ బామ్మర్దీ,

ఆశీస్సులు తరవాత. నువ్వు పంపినవి వేయించాను. చేత్తో నొక్కాను, కుంగలేదు. మోచేత్తో నొక్కాను, కుంగలేదు. చివరికి బానెట్ మీదెక్కి కూర్చున్నాను. బానెట్ సొట్టపోయింది గానీ బండి కుంగలేదు. కుంగనివి పంపానన్నావు కదా, మాట నిలబెట్టుకున్నావు.

దాంట్లోనే మీ అక్కని బతిమాలి తీసుకెళ్ళాను. ఎడ్లబండి నయంరా! అదైనా ఎద్దు అలిసిపోతే నెమ్మదిస్తుంది. ఇది గులకరాయి మీద ఎక్కినా నా దవడలు టకటక కొట్టుకున్నాయి. ఆసుపత్రి గేటు దగ్గర వెనక తలుపు తీసేసరికి మీ అక్క కింది పెదవి మీద పంటిగాట్లున్నాయి. డాక్టరమ్మ అవి చూసి నన్ను చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. ఆవిడ దృష్టిలో నేను పెళ్ళాన్ని కొట్టే రకం.

తోడబుట్టినదానికి ఇలాంటివా పంపేది? పాత సరుకు ఏదో మూల పడుంటే వదిలించుకున్నావా? మీ అక్క మాత్రం "వాడి మీద కేకలెయ్యకండి, కాలు బాగాలేని పిల్లాడు" అంటోంది. ఆ పిల్లాడికి బట్టతల వచ్చిందని నేను గుర్తుచెయ్యలేదు.

ఇట్లు,
కోపంలో ఉన్న బావ

తా.క.: పని మొదలుపెట్టే ముందు డిక్కీలో ఉన్న ఇసుక మూటలు దించమన్నాడు మెకానిక్. బరువుంటే బండి ఎగరదని పక్కింటాయన చెప్తే ఆ మధ్య నిండా వేశాను. కొత్తవి వచ్చాయి కదా అని మళ్ళీ ఎక్కించలేదు. ఎక్కించమంటావా?

---

బావా,

గారు అనే మాట వచ్చే ఉత్తరంలో చేరుస్తాను. ఇసుక మూటలా?

మీరు చొక్కాకి కొలత తీసేటప్పుడు మనిషి నెత్తిన బియ్యం బస్తా పెట్టి తీస్తారా? మీ షాపుకొచ్చిన వాడు పొట్ట లోపలికి లాక్కుంటే మామూలుగా నిలబడవయ్యా అని కసురుతారు కదా! ఆ బుద్ధి బండి దగ్గర ఏమైంది? బండి కుంగింది ఇసుకకి. దాన్ని చూసి నేను పంపింది సిమెంటు మోసే బండికి వేసే స్ప్రింగులు. మా అక్క ఎంత బరువుందని? ఈ మధ్య ఫోటో చూశాను, దుప్పటే ఆవిడకన్నా బరువుగా కనిపించింది.

పక్కింటాయన తెలివితేటలు ఆయన దగ్గరే ఉండనివ్వండి. మెత్తవి పంపుతున్నాను. ఆ బండి కొత్తలో ఎలా ఉండేదో అచ్చం ఆ రకం. వాటితోపాటు కిందున్న రబ్బరు బుష్షులన్నీ కూడా పెట్టాను, ఒక్కటీ వదలకుండా మార్చమనండి. ఇనుముకి ఇనుము తగలకూడదు. బండి కదిలితే చప్పుడన్నది పుట్టకూడదు. అక్కకి నేను చెయ్యగలిగింది ఇదొక్కటే బావా, దీన్నయినా సరిగా చెయ్యనివ్వండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఆ ఇసుక పక్కింటాయన గుమ్మానికి అడ్డంగా పొయ్యండి.

---

బావమరిదికి,

ఆశీస్సులు. నిండు మనసుతో ఇస్తున్నాను, తీసుకో. నీ మెత్తవి వేయించాం, బుష్షులన్నీ మార్చాం. చేత్తోనే నొక్కాను. కుంగింది, లేచింది, ఆగింది. రోడ్డెక్కితే గుంత వచ్చిందని కంటికి తెలుస్తోంది గానీ ఒంటికి తెలియడం లేదు. చప్పుడే లేదు. శభాష్ బామ్మర్దీ అని పైకే అన్నాను.

అప్పుడు వినబడింది. సన్నగా, ఆగి ఆగి. ఇంకా ఏదో బుష్షు మిగిలిపోయిందనుకున్నాను. అద్దంలోకి చూస్తే మీ అక్క. కళ్ళు మూసుకుని మూలుగుతోంది. నేను చూడడం తెలిసి చటుక్కున ఆపేసింది. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. ఆ తరవాత దారంతా ఊపిరి బిగబట్టే ఉంది.

ఇన్నాళ్ళూ మూలుగుతూనే ఉందిరా. బండి మోతలో నాకు వినబడలేదు. వినబడదనే మూలిగేది. ఇంట్లో పక్కన నేనుంటాను, ఆసుపత్రిలో జనం ఉంటారు. ఆవిడ నోరారా ఏడ్చుకోడానికి ఉన్న చోటు ఆ వెనక సీటొక్కటే. నువ్వూ నేనూ కలిసి అంత ముచ్చటగా అది కూడా పీకేశాం.

దిగుతూ మళ్ళీ "ఇక నేను రాను" అంది. "బండి బాగుంది కదా" అన్నాను. "చాలా బాగుంది" అంది. నాకు ఏడుపొచ్చి, తాళాలు కింద పడ్డట్టు వంగి వెతుక్కున్నాను.

షాపుకెళ్ళి ఒక రేకు డబ్బా తీశాను. ఇత్తడి గుండీలు, హుక్కులు, విరిగిన కత్తెర ముక్కలు పోసి నా సీటు కింద పెట్టాను. వారం తిరిగాక, కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి మీ అక్కని ఎక్కించాను. మొదటి గుంతకే గలగలమంది. "ఇదేమిటి, మళ్ళీ మోత?" అంది. "మీ తమ్ముడి పనితనం" అన్నాను. అద్దాన్ని ఆకాశం కేసి తిప్పేసి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి మొదలుపెట్టింది. ఆసుపత్రి దాకా మూలిగింది. గుంతలు లేని చోట నేనే మడమతో డబ్బాని తన్నాను.

దిగేటప్పుడు మొహం తేటగా ఉంది. వచ్చే వారం కాస్త పెందలాడే బయల్దేరదామంది. నాకు మాత్రం అంతా వినబడిందిరా. వింటూ, విననట్టు స్టీరింగు పట్టుకుని కూర్చోవడమే ఇక నా పని.

ఇట్లు,
మీ బావ

తా.క.: నీకు పని రాదని మీ అక్క చూడవచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. నీకూ తిడుతూ రాస్తానంటోంది. నీకు నామోషీ అని తెలుసు. అయినా సరే, ఒప్పేసుకో.

---

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరమూ అందింది, అందులోని తిట్లూ అందాయి. చెయ్యి వణికినా తిట్లు మాత్రం గుండ్రంగా రాశావు. అన్నీ నిజమే. ఇన్నేళ్ళుగా చేస్తున్నా నాకు ఈ పని రాలేదు. ఇక్కడి జనం కూడా నా దగ్గరికి మొహమాటానికి వస్తున్నారు.

ఆ మోత ఇక పోదక్కా. బండి పాతది, దాని ఒంటికి అలవాటైపోయింది. ఏ మెకానిక్ అయినా వచ్చి తీసేస్తానంటే నమ్మకు, బండి దగ్గరికి రానివ్వకు. దాని మోత అది మోగుతుంది. నువ్వు పడుకుని వెళ్ళిరా. ఒక్క వారం కూడా మానకు. కట్టు విప్పగానే వస్తాను.

ఇట్లు,
పని రాని నీ తమ్ముడు

తా.క.: బావ నీకు చెప్పి ఉండడు. మిషను మోతలో బతికి బతికి ఆయనకి ఈ మధ్య చెవులు మందగించాయి. బండి నడుపుతున్నప్పుడు వెనక సీట్లోంచి ఎవరేమన్నా ఆయనకి ఒక్క ముక్క వినబడదట.