ఎమిల్ ఇచ్చిన మ్యాగజైన్

జూన్ 4, 2019, మంగళవారం. సాయంత్రం 6

ఈ రోజు మధ్యాహ్నం 3:10కి నా పిస్టల్ మ్యాగజైన్లలో, అంటే తూటాలు నింపే డబ్బాల్లో, చెడ్డది కొరీన్ బ్యాగులో పెట్టి, ఆమె మంచిది తీసేసుకున్నాను. ఆమె టార్గెట్లు మార్చడానికి వెళ్ళింది. షూటింగ్ క్లబ్బు బెంచీ దగ్గర ఇంకెవరూ లేరు. ఇరవై సెకన్ల పని.

ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ కోర్టు వార్తలు రాశాను. నా నేరం కూడా అలాగే రాస్తాను.

నేను సొంతంగా తయారుచేసుకున్న పిస్టల్ ఏడు నెలలుగా జామవుతోంది. తూటా ముక్కు వాలిపోయి మధ్యలో ఇరుక్కుంటుంది. స్ప్రింగులు మార్చాను. తూటా జారే ర్యాంపు నున్నగా రుద్దాను. తూటాల కంపెనీ మార్చాను. 212 జాములు నోటుబుక్కులో ఉన్నాయి. తేదీ, ఎండ, వాన, అన్నీ.

ఆదివారం కొరీన్ ఆ బుక్కు తిరగేసింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మనిషి. తన పిస్టల్ తొమ్మిది వారాల్లో తయారుచేసుకుంది. అన్నీ రాశారు రిపోర్టర్ గారూ, ఏ మ్యాగజైన్ అన్నది మాత్రం ఎక్కడా లేదేంటి, అంది.

సోమవారం ఒక్కణ్ణే వెళ్ళి చూశాను. మూడు మ్యాగజైన్లు, అరవై తూటాలు, ఒక్క జామూ లేదు. నాలుగోది, ఇరవై తూటాలు, ఆరు జాములు.

ఆ నాలుగోది ఎమిల్ ఇచ్చింది. పదిహేనేళ్ళ కిందట పైన తూటాని పట్టి ఉంచే అంచుల్ని, మేం పెదాలంటాం, తన చేత్తో వంచి సరిచేసి ఇచ్చాడు. దాన్ని అనుమానించాలని నాకు తోచనే లేదు.

ఎమిల్‌కి ఎనభై ఒకటి. ఈ క్లబ్బులో సగం పిస్టళ్ళు ఆయన బెంచీ మీదే తయారయ్యాయి. ఇరవై ఏళ్ళు ఆ బెంచీ దగ్గర మంగళవారాలు నావి. ఇప్పుడు కొరీన్‌వి. నన్ను ముట్టుకోనివ్వని ఆకురాళ్ళు గుడ్డలో చుట్టి ఆమెకిచ్చేశాడు.

కొరీన్ తన మ్యాగజైన్ల అడుగున నారింజ రంగు గోళ్ళరంగుతో నంబర్లు వేసుకుంటుంది. అదే రంగు కొన్నాను. ఎమిల్ మ్యాగజైన్ మీద 3 వేసి, ఆమె మూడోది తీసుకున్నాను.

జూన్ 5, బుధవారం

ఆమె ఫోన్ చేయలేదు. రోజంతా ఫోన్ దగ్గరే ఉన్నాను.

జూన్ 6, గురువారం. రాత్రి 8

రాష్ట్ర పోటీకి మా టీములో నాలుగో స్థానం ఒక్కటే ఖాళీ. శనివారం నేనూ కొరీనూ కాల్చి తేల్చుకోవాలి. జామైతే చెయ్యెత్తాలి, ఒక్కసారి మళ్ళీ కాల్చనిస్తారు. రెండోసారి కుదరదు.

ఈ రోజు ప్రాక్టీసులో ఆమెకి మూడు జాములు. నాకు ఒక్కటీ లేదు. చూడండి రిపోర్టర్ గారూ, మీ రోగం నాకంటించి మీరు కులాసాగా ఉన్నారు, అని నవ్వింది. నేనూ నవ్వాను.

ప్రాక్టీసు చూస్తున్న ఎమిల్ అడిగిన మొదటి మాట, ఎన్నో నంబరమ్మాయ్, అని. మూడు, అంది. దాన్ని ఖాళీ చేసి, కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మ్యాగజైన్ లోపల, వెనక వైపు, ఆయన కొట్టిన రెండు చుక్కలున్నాయి. ఆ గుర్తు మర్చిపోయాను. కాదు, మర్చిపోలేదు. ఎవరూ లోపలికి చూడరనుకున్నాను.

చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఏమైందని కొరీన్ అడిగింది. పాతబడిందమ్మాయ్, నాలాగే, అని చొక్కా జేబులో వేసుకున్నాడు. మీరు ఇంకా జామవడం లేదుగా, అని ఆమె ఆయనతో అంది.

జూన్ 7, శుక్రవారం

నాలుగు గంటలకి ఎమిల్ వచ్చాడు. ట్రక్కు ఇంజన్ ఆపలేదు. వంటింటి బల్ల మీద మ్యాగజైన్ పెట్టాడు. నారింజ రంగు 3 అలాగే ఉంది.

కాఫీ తాగుతావా అన్నాను. వద్దన్నాడు. ఆ పిల్లకి నేను చెప్పనురా, అది నీ పని, అన్నాడు.

క్షమించమని అనాల్సింది. ఆ ఆకురాళ్ళు ఆమెకెందుకిచ్చావు, అన్నాను. అరవై నాలుగేళ్ళ వాణ్ణి, ఆ మాటే వచ్చింది.

అడిగింది, ఇచ్చాను, అన్నాడు. నువ్వు ఇరవై ఏళ్ళు వచ్చావు హార్లన్. చేసింది చూపించి మెప్పు పట్టుకెళ్ళావు. ఒక్కటైనా అడిగావా? ఈ మ్యాగజైన్ సంగతే అడిగుంటే పెదాలు విచ్చుకున్నాయని అప్పుడే చెప్పేవాణ్ణి కదరా.

వెళ్ళిపోయాడు.

7:40కి కొరీన్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. గోళ్ళరంగు సీసాతో సహా. ఆమె ఒక్కటే అడిగింది. రేపు మీరు దేంతో కాలుస్తున్నారు?

జూన్ 8, శనివారం. ఉదయం 6:05

ఆమె మూడో నంబరు తిరిగివ్వడానికి కవర్లో పెట్టాను. నా మూడు మ్యాగజైన్లు ఇంట్లోనే ఉంటాయి. పిస్టల్ పెట్టెలో ఎమిల్‌ది ఒక్కటే, కాల్చేది దాంతోనే.

8:30కి మొదటి రిలే, మా ఇద్దరి వంతు. పక్కపక్కనే నిలబడాలి, పక్కవాళ్ళ స్కోరు రాయాలి. నా స్కోరు రాసేది కొరీన్.