నువ్వు కొట్టిన మేకు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండ వేస్తుండగానే మూసీ సర్వే వాళ్లు మన ఉప్పల్ గల్లీలోకి వచ్చారు. నదికి దాని జాగా వదిలి, ఆ అంచున రోడ్డు వేస్తారట. అందుకని వరద నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇంటింటా అడుగుతున్నారు. నీళ్లొచ్చిన ఇళ్లకు గుర్తు వేసి కూల్చేస్తారట. నదికి చోటు వదలాలని నువ్వు బతికున్నంత కాలం అందరితో కొట్లాడావు. ఇప్పుడు వదులుతున్నారు, మన ఇంటి మీదుగా.

సర్వే వాళ్లకంటే ముందే పక్కింటి మల్లేశు ఉరికొచ్చాడు. “వదినె, నీళ్లు గడప గూడ ముట్టలేదని చెప్పు. గల్లీల అందరం గదే చెప్తున్నం. నాకు ఇంకో జాగ లేదు.”

సరేనన్నాను.

సర్వే అమ్మాయి లోపలికొచ్చి గోడవైపు చూసింది. “ఫోటో గింత కిందికి పెట్టిన్రేందమ్మా?”

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేదే. మన ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడాది, వరద తీశాక, గోడమీద బురద గీత ఉన్నచోట నువ్వు మేకు కొట్టావు. “సున్నమేస్తే గీత పోతది, మేకు పోదు” అన్నావు. నువ్వు పోయాక నీ ఫోటో దానికే తగిలించాను.

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి బావా. ఫోటో తీసి మేకు చూపించాను.

మన గేటుకు ఎర్ర గుర్తు పడింది. మల్లేశు గేటుకూ పడింది. అతను నావైపు చూడకుండా తలుపేసుకున్నాడు. నువ్వుంటే వెళ్లి ఏదో ఒకటి మాట్లాడేవాడివి.

మన బిడ్డ నాచారం వచ్చేయమంటోంది. దాని ఇల్లు మూడో అంతస్తులో. అక్కడ నిన్ను ఎంత ఎత్తున పెట్టాలో నాకు తెలియడం లేదు.